టేబుల్ లైటుకు టోప్లీలు

"టోప్లీలు తోమకు హేమా. నల్లగనే ఉండాలె, గదే అందం."

పొద్దున్నే నేను తడిగుడ్డ పట్టుకుని తన టేబుల్ దగ్గరికి వెళ్లగానే వీరన్న అన్న మాట ఇది. నాకు నవ్వొచ్చింది. నల్లగా ఉండటం అందమని మా ఆయన నోట వినడం అదే మొదలు. పెళ్లికి ముందు ఫోన్ చేసి, ఫోటోల నాటికి రంగు తేలాలని ఒక క్రీము పేరు చెప్పి మరీ రాసుకొమ్మన్న మనిషి. పెళ్లి ఖమ్మంలో ఫంక్షన్ హాల్లో జరిగింది. మా తండా ఆడవాళ్ల అద్దాల రవిక, పేటియా లంగా వేసుకుంటానని నేను నోరు తెరవకముందే "తండా అవతారం వద్దు" అన్నాడు. మా అత్తయితే ఇంకో మెట్టు ఎక్కి, "ఆఫీసరు పెండ్లామంటే పట్టుచీరల ఉండాలె" అని తీర్పు చెప్పింది. సరేనని పట్టుచీరే కట్టుకున్నాను. ఎవరూ బలవంతం చేయలేదు, నాక్కూడా అప్పట్లో అదే గొప్పగా ఉండేది.

టోప్లీలంటే మా లంబాడా ఆడవాళ్లు పెళ్లయ్యాక చెవుల పక్కన జుట్టుకు అల్లుకునే వెండి బిళ్లలు. వాటి అంచున చిన్న చిన్న మువ్వలుంటాయి. తల తిప్పితే చాలు, మోగుతాయి. నా చిన్నప్పుడు అమ్మ చేనులో ఏ మూల ఉందో వెతకాల్సిన పని ఉండేది కాదు, పత్తి చెట్ల మధ్య నుంచి ఆ చప్పుడు వినిపించేది. ఆ టోప్లీలే ఇప్పుడు వీరన్న టేబుల్ లైటు మెడకు అటొకటి ఇటొకటి వేలాడుతున్నాయి.

ఆ టేబుల్ సంగతి చెప్పాలి. తెల్లటి పలక, స్టీలు కాళ్లు. బటన్ నొక్కితే లేస్తుంది, నొక్కితే కూర్చుంటుంది. మా ఇంట్లో పిలవగానే లేచి నిలబడేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని, ఇప్పుడు తోడు దొరికింది. వీరన్న ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి పనిచేస్తాడు. రోజంతా వీడియోలో మీటింగులు. కొత్త టేబుల్ మీద పాత సామాన్లు ఉంటే వీడియోలో హుందాగా కనిపిస్తుందని ఎక్కడో చదివాడు. అప్పటి నుంచి ఒక్కొక్కటీ చేరాయి. వైరు లేని నల్ల ఫోను, వేలు పెట్టి తిప్పేది. కీ ఇచ్చినా నడవని గడియారం. గాజు పగిలిన కందిలి. మా బాపు వడ్లు కొలిచిన ఇత్తడి మానికలో ఇప్పుడు పెన్నులున్నాయి. వీటన్నిటి దుమ్ము తుడిచే పని నాది. ఫోను మీద అంకెల బొక్కల్లో చెవి పుల్ల పెట్టి తుడవాలి. అది మోగదు, దాంతో ఎవరితోనూ మాట్లాడలేం. అయినా రోజూ తుడుస్తాను.

నేను ముదిగొండ మండలంలో ఒక బడిలో లెక్కలు చెబుతాను. సాయంత్రం బస్సు దిగి వచ్చి, వంట అయ్యాక పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవాలి. టేబుల్ కొన్నప్పుడు ఇద్దరికీ అన్నాడు. నమ్మి ఒక మూలన నా పేపర్ల కట్ట పెట్టాను. మీటింగ్ అయ్యాక పిలిచి, "హేమా, గీ చెత్త ఫ్రేముల కనిపిస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి వాషింగ్ మెషిన్ మూత మీద దిద్దుతున్నాను. అది తిరిగేటప్పుడు చెయ్యి వణికి, నేను పెట్టే టిక్కులన్నీ మెలికలు పోతాయి. "ఏం టీచర్, బస్సుల దిద్దిన్రా?" అని ఒక పిల్ల అడిగింది. అవునన్నాను. తలుపు వేసిన గదిలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకున్న వీరన్న, ఇవతల నేను, మా మధ్య బట్టలు తిరిగే చప్పుడు. మా భాషలో ఒక్క మాట మాట్లాడి ఎన్నాళ్లయిందో గుర్తు చేసుకోబోతే లెక్క తేలేది కాదు.

బాపు పోయిన ఏడాది చనిపోయాడు. శవం వాకిట్లో ఉండగానే తండా ఆడవాళ్లు అమ్మ చుట్టూ కూర్చుని, పైచేతుల గాజులు తీశారు, జుట్టు విప్పి టోప్లీలు తీశారు. మొగుడు పోతే తీయాలి, మా దగ్గర పద్ధతి అది. అమ్మ వాళ్ల చేతులకు వీలుగా తల ఇటూ అటూ వంచింది, అంతే. దినాలయ్యాక నేను ఖమ్మం బయలుదేరుతుంటే పాత పేటియా అంచు చింపి, టోప్లీలు అందులో మూటకట్టి నా చేతిలో పెట్టింది. "నా కండ్లవడకుంట దాచు బిడ్డా. ఇంట్ల ఉంటే చెయ్యి ఊకె జుట్టు మీదికి పోతుంది" అంది. నేను బీరువాలో చీరల అడుగున పెట్టాను.

నేను బడికి వెళ్లిన రోజు వీరన్న ఆ బీరువా వెతికాడు. సాయంత్రం వచ్చేసరికి టోప్లీలు లైటుకు వేలాడుతున్నాయి, మూటకట్టిన గుడ్డ చెత్తబుట్టలో ఉంది. అడిగితే, "మనింటి వస్తువే గద, దీనికి గూడ పర్మిషనా?" అన్నాడు. తీసెయ్యమంటే, "మీటింగుల మా ఆఫీసు మేడమ్ చూసింది, మస్తు నచ్చినయి ఆమెకు. కొన్నాళ్లు ఉండనీ" అన్నాడు. గుడ్డ ఉతికి దాచుకున్నాను. టోప్లీల దగ్గర ఓడిపోయాను.

అమ్మ కంటి ఆపరేషన్‌కు ఖమ్మం వస్తోందని తెలిసిన రోజు మాత్రం గట్టిగా పట్టుబట్టాను. "ఆమె ఉన్నన్ని రోజులన్న తీసెయ్. చూస్తే పానం కొట్టుకుంటది. నీకు తెల్వంది గాదు, నువ్వు గూడ తండాల పుట్టినోడివే."

వీరన్న కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పలేదు. "ఆపరేషన్ అయినంక కంటికి కట్టు గడతరు. రెండోది ఎట్లగూ మసక. ఏం కనిపిస్తది ఆమెకు?"

ఇంత చదివి, ఇంత తెలివి సంపాదించి, దాన్ని వాడింది ఇక్కడ. టోప్లీలు మళ్లీ దాచాలని తెరిచిన బీరువా తలుపు మూసి వంటింట్లోకి వెళ్లిపోయాను. ఏడవలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుక్కరు మూత గట్టిగా పెట్టాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. కంటికి తెల్లటి కట్టుతో అమ్మను ఆటోలో ఇంటికి తెచ్చాను. అమ్మ పేరు రూప్లి, నేను మా భాషలో యాడీ అని పిలుస్తాను. ఇల్లందు దాటాక అడవి అంచున మా తండాలో ఆమె ఒక కేక వేస్తే అవతలి చేను వాళ్లు పలికేవారు. మా ఇంటి గడప దగ్గర మాత్రం చెప్పులు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలని గుసగుసగా అడిగింది. సరిగ్గా అప్పుడే లోపలి గదిలో వీరన్న బటన్ నొక్కాడు. టేబుల్ గుర్రుమంటూ లేచింది, లైటు కదిలింది, మువ్వలు మోగాయి. అమ్మ అడుగు గడప మీదే ఆగింది. చెయ్యి చెవి పక్కకు వెళ్లింది, ఖాళీ జుట్టు తడిమి కిందికి దిగింది. నేనే ఆగలేక, "గాలికి గంటలు యాడీ, కిటికీకి కట్టినం" అన్నాను. "మంచిగున్నయి" అంది అమ్మ.

మరునాడు పెద్ద మీటింగు. వీరన్న పొద్దున్నుంచే హడావిడి. "అత్తను వంటింట్ల కూసోపెట్టు. గట్టిగ మాట్లాడొద్దని చెప్పు. కాల్ల వినిపిస్తే బాగుండదు" అన్నాడు. తర్వాత అమ్మ కంటి మందులతో తెచ్చిన దూది ప్యాకెట్ విప్పి, టేబుల్ దగ్గర కూర్చుని, ఒక్కో మువ్వ సందులో దూది కుక్కడం మొదలుపెట్టాడు. మైకులో చప్పుడు వస్తోందట. చిన్న చిన్న ముక్కలు చుట్టి, అగ్గిపుల్లతో లోపలికి నొక్కుతున్నాడు. ఎంత ఓపికో. నా జ్వరానికి ఒక మాత్ర తెచ్చివ్వని చేతులవి. చివరి మువ్వకూ దూది పెట్టాక లైటు ఊపి చూశాడు. చప్పుడు లేదు. తృప్తిగా తల ఊపాడు.

నేను అమ్మ పక్కన వంటింట్లో నేల మీద కూర్చున్నాను. అమ్మ తడుముకుంటూ ఎల్లిపాయలు ఒలుస్తోంది. గది తలుపు ఓరగా ఉంది. అవతల ఆ మేడమ్ ఏమందో వినపడలేదు గానీ వీరన్న గొంతు స్పష్టంగా వినిపించింది. ఆఫీసు గొంతు అది, తియ్యగా ఉంటుంది.

"అవునండీ, ఒరిజినల్. మా సైడు అడవి తండాల్లో తిరిగి సేకరించాను. ఇవి పెట్టుకున్న ముసలామె ఇప్పుడు లేదు. వాళ్ల తరంతోనే పోయింది ఆ కల్చరంతా."

అమ్మ చేతిలో ఎల్లిపాయ ఆగింది. అమ్మకు తెలుగు బాగా వచ్చు.

"ఎవరే పోయింది?" అని మా భాషలో మెల్లగా అడిగింది.

నేను గది తలుపు వైపు చూశాను.

"నేనేనా?" అని, కట్టు కింద పెదాలు వంకరగా సాగదీసి నవ్వింది. "మరి నాకెవరు చెప్పలేదేందే."

అమ్మ మళ్లీ ఎల్లిపాయ అందుకుంది. "నిన్న గడపల్నే గుర్తువట్టిన. ఎడమ దానికి ఒక మువ్వ ఊడితే మీ బాపు రాగితీగెతోని కట్టిండు. అప్పట్నుంచి దాని గొంతు బొంగురు. గాలికి గంటలంట, గంటలు."

"తెస్త, ఆగు" అని లేచాను.

అమ్మ నా కొంగు పట్టుకుంది. "వద్దు. మీటింగుల ఉన్నడు. నౌకరీకి ఏమన్న అయితే నిన్నే అంటడు." చనిపోయిందని తన గురించే చెప్పిన మనిషి ఉద్యోగం గురించి అమ్మ భయపడుతోంది. నేను కూడా ఇన్నేళ్లూ చేసింది అదే కదా అనిపించింది. అతని మీటింగు, అతని ఫ్రేము, అతని మైకు, వీటి చుట్టూ నేను మునివేళ్ల మీద నడవడం. కొంగు మెల్లగా విడిపించుకున్నాను.

గదిలోకి వెళ్లాను. స్క్రీన్ మీద చిన్న చిన్న గడుల్లో ముఖాలు. నేను వంగి, లైటు మెడ నుంచి ఒక టోప్లీ విప్పాను, తర్వాత రెండోది. వీరన్న చటుక్కున మైకు ఆపేసి, పెదాలు కదలకుండా, "ఏం చేస్తున్నవ్?" అన్నాడు.

"ఆమె వచ్చింది."

"ఎవరు?"

"ఇవి పెట్టుకున్నామె."

అతని ముఖం చూడటానికి నేను ఆగలేదు.

వంటింట్లో కూర్చుని, పిన్నీసుతో మువ్వల్లోంచి దూది లాగాను. తెల్లటి పోగులు నా ఒళ్లో రాలాయి. అమ్మ వింటోంది. ఒక్కో మువ్వకూ గొంతు వచ్చినప్పుడల్లా ఆమె తల కొంచెం వంగుతోంది. అంతా అయ్యాక అరచేతిలో పెట్టి, "పెట్టనా?" అని అడిగాను.

"తండాల తెలిస్తే ఊకుంటరానే?"

"ఇది తండా గాదు."

పొయ్యి మీద పప్పు పొంగి మంట ఆరింది. లేచి స్టవ్ కట్టేసి వచ్చాను. అప్పటికీ అమ్మ అలాగే కూర్చుని ఉంది.

"తీసెటప్పుడు ఎవరు అడగలే" అంది చివరికి. "పెట్టెటందుకన్న నువ్వు అడిగినవ్." అంటూ చెవి పక్క జుట్టు నా వైపు తిప్పింది.

జుట్టు పలచబడింది, ఎక్కువ భాగం నెరిసింది. పాయలు తీసి అల్లుతుంటే నా ముడులన్నీ మెలికలు పోయాయి, వాషింగ్ మెషిన్ తిరగకపోయినా. నాకు ఈ అల్లిక రాదు. నేర్చుకోలేదు, నేర్పమని ఎప్పుడూ అడగలేదు. అమ్మే నా చెయ్యి పట్టి, పాయ ఎటు తిప్పాలో, ముడి ఎక్కడ వెయ్యాలో చూపించింది. కుడిది, ఎడమది. తర్వాత గోడ పట్టుకుని లేచింది. లేస్తుంటేనే మోగాయి, వాటిలో ఒక గొంతు బొంగురుగా. అమ్మ వంటింట్లోంచి హాల్లోకి నడిచింది. గోడ తడుముకోవాల్సిన మనిషి తల ఎత్తి నడిచింది. నా చిన్నప్పటిలాగే ఆమె ఎక్కడుందో చూడకుండానే నాకు తెలుస్తోంది.

గదిలోంచి వీరన్న గొంతు వచ్చింది, ఆఫీసు గొంతు కాదు, ఇంటి గొంతు. "హేమా, ఆ చప్పుడేంది? కాల్ నడుస్తుందిక్కడ."

నేను నోరు తెరిచేలోపే, అవతలి చేను దాకా వినపడే గొంతుతో అమ్మ పలికింది.

"నేనే అల్లుడా. ఇంకా ఉన్న."