భూమవ్వకు పోసిన సాక

రోజూ పొద్దున ఎనిమిదింటికి లత బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. సరిగ్గా అప్పుడే, చచ్చి రెండేళ్ళయిన అత్త భూమవ్వ వచ్చి గడపలో చతికిలబడుతుంది. తల వణుకుతుంటుంది.

"కల్లు సీసా రాలేదానే?"

"తెస్తనని నీ కొడుకే దుకాణంకు పోయిండత్తా. జర ఆగు."

తప్పు ఆ కొడుకుదే. పోయిన పెత్రమాసకు లత మొగుడు పరమేశ్వర్ పెద్దలకు సాక పోయాలని బాపురావు దుకాణం నుంచి కల్లు తెచ్చి, తల్లి పేరు చెప్పి నేలమీద ధార పోశాడు. బాపురావు కల్లుకు చెట్టెక్కడిది? నల్లా నీళ్ళు, సాకరిన్, నిద్రమాత్రల పొడి. బతికినన్నాళ్ళు చెట్టు కల్లు తాగి నాట్లేసిన మనిషికి చచ్చాక ఈ పాడు అలవాటు అంటుకుంది. మూడోనాడే లేచొచ్చింది.

బోధన్ శివారులోని ఆ వాడలో ఎవరూ వింతపడలేదు. పక్కింటి గంగుబాయి వాళ్ళ చచ్చిన మామ అంతకుముందు నుంచే వస్తున్నాడు. "గిరాకీ అన్నంక బతికినోళ్ళేంది, సచ్చినోళ్ళేంది" అన్నాడు బాపురావు, సిగ్గు శరం లేకుండా. ఊరు ఆ మాటకు నవ్వింది. ఊరికీ లేదు సిగ్గు.

చలికాలంలో అధికారులొచ్చి పొడి పట్టుకుపోయారు. దుకాణం మూతపడింది. రోజూ తాగే ఆ కల్లు దొరకక, రెండోనాడు పరమేశ్వర్ చెరుకు కొడుతూ మెడ మెలితిరిగి, నాలుక కరుచుకుని చేలోనే పడ్డాడు. నిజామాబాద్ ఆసుపత్రిలో మంచానికి కట్టేశారు. అలాంటివాళ్ళతోనే వార్డు నిండింది.

"ఇంకోసారి ఆ కల్లు తాగితే బతకడు. గుర్తు పెట్టుకోమ్మా" అంది డాక్టరమ్మ.

భూమవ్వను ఎవరు చేర్చుకుంటారు? కొడుకు మంచం కిందే పడి కొట్టుకుంది. మధ్యలో ప్రాణం పోయి తప్పించుకునే దారి కూడా లేదామెకు. బాధ మొత్తం పడింది. ఆరోనాడు వణుకు ఆగింది. లేచి కొడుకు నోటి నురగ కొంగుతో తుడిచింది.

ఇల్లు చేరిన తెల్లారే బాపురావు వచ్చాడు, చేతిలో సీసాతో. దుకాణం మళ్ళీ తెరిచాడట.

"పరమేశన్నా, గిట్ల సిక్కిపోయినవేందే! పైసలొద్దు, తాగు. పానం కుదురుకుంటది."

పరమేశ్వర్ చెయ్యి లేచింది. డాక్టరమ్మ మాట చెవిలో ఉన్నా లేచింది.

లత అడ్డం నిలబడింది. "పిలగాండ్లు గలోడు. వదిలిపెట్టు సేటూ, నీ కాల్మొక్త."

"నేనేమన్న ఇసం ఇస్తున్ననా చెల్లే? మంచి కల్లు."

భూమవ్వ గడపలోంచి లేచి ఆ సీసా అందుకుంది. తాగుతుందనుకున్నారంతా. ఆమె వాకిట్లోకి దిగి, సీసా వంచి, గొంతెత్తి పిలిచింది.

"ఓ కాశన్నా! బాపురావు తండ్రీ! నీ కొడుకు పంపిండు, ఇగో సాక తీస్కో!"

"అవ్వా, వద్దు!"

చచ్చిన తండ్రి పేరు వినగానే బాపురావు మట్టిలో మోకాళ్ళమీద పడ్డాడు. ధార నేలకు తగలకుండా దోసిలి పట్టాడు. వేళ్ళ సందుల్లోంచి కారుతుంటే అంగీ విప్పి కింద పరిచాడు.

"అది ఇసం అవ్వా! మా బాపుకు పొయ్యకు, నీ కాల్మొక్త!"

వాడ వాడంతా విన్నది. పరమేశ్వర్ గోడ పట్టుకుని నిలబడి, మట్టిలో దేవులాడుతున్న ఆ సేటును చాలాసేపు చూశాడు. తర్వాత చేయి దించి, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు.