మా ఇంట్లోవాళ్ళు, ఇద్దరు

పరాయి దేశంలో నేను క్షేమంగా ఎలా ఉండాలో, ముంధిర్ చొక్కాలు నేను ఇస్త్రీ చేస్తుండగా, అతనే నాకు చదివి వినిపించాడు. మొత్తం పదహారు సూత్రాలు. ఆఫీసులో ప్రింటు తీసుకొచ్చాడు. మా ఆయన బీమా కంపెనీలో పనిచేస్తాడు, ప్రమాదాలంటే అతనికి వృత్తిపరమైన ప్రేమ. గుంపుల్లోకి వెళ్ళకు. టాక్సీలో రాజకీయాలు ఎత్తకు. అనుమానం వచ్చే వస్తువేదీ పెట్టెలో పెట్టకు. తనిఖీల దగ్గర నువ్వు మాట్లాడకు, ఎవరైనా మగవాళ్ళని మాట్లాడనివ్వు. పదహారోది చదివాక కాగితం మడిచి, "ఏ దేశం ఎక్కడుందో తికమకగా ఉంటే నన్నడుగు" అన్నాడు. అమ్మాన్‌లో ఆడపిల్లల బడిలో నేను ఇరవై నాలుగేళ్ళుగా భూగోళం చెబుతున్నాను. కాలరు తిప్పి అటువైపు రుద్దాను.

వెళ్తున్నది విహారయాత్రకేం కాదు. కైరోలో ఉన్న మా ఆడపడుచుకి తొలి కాన్పు. కూతురి కోసం మా అత్తగారు బయల్దేరారు. మా అత్తగారి కోసం నన్ను బయల్దేరదీశారు. "ఎలాగూ నీకు బడి సెలవులేగా" అన్నాడు ముంధిర్. సెలవులంటే వేరే ఇంట్లో వండటం అని నాకు అప్పుడు తెలిసింది. వెళ్ళేముందు మా ఇంటికి కూడా పదిరోజులకి సరిపడా వండి, డబ్బాలకెత్తి, ఒక్కోదాని మీద వారం పేరు రాసి ఫ్రీజర్లో పెట్టాను. అతను నాకిచ్చిన సూత్రాలు పదహారు, నేను అతనికిచ్చింది ఒక్కటే: వేడిచేసుకుని తిను.

అనుమానం వచ్చే వస్తువుల సూత్రం విన్న మా అత్తగారు బుద్ధిగా తలూపి, నాలుగు కిలోల జమీద్ పెట్టెలో సర్దారు. ఎండబెట్టిన పెరుగు ఉండలు, ఒక్కోటీ పిడికిలంత. కైరో విమానాశ్రయంలో అధికారి ఒకటి తీసి బల్లకేసి కొట్టి చూశాడు. బల్ల ఖంగుమంది.

"ఇవేం రాళ్ళు హజ్జా?" పెద్దావిడని మర్యాదగానే అడిగాడు.

"పెరుగు నాయనా."

"ఈ పెరుగుతో తల పగులుద్ది కదమ్మా."

"మా ఊళ్ళో పెరుగంటే అంతే" అన్నారు మా అత్తగారు.

బిడ్డ పుట్టింది. ఏడోరోజు వేడుక కోసం నేను పొయ్యి దగ్గర ఉండగా, మా దేశం మీదుగా క్షిపణులు ఎగిరాయి. మా వాళ్ళ మీదికి కాదు, మాకు అటూ ఇటూ ఉన్నవాళ్ళ మీదికి. ఆ పూటే ఆకాశం మూసేశారు, విమానాలన్నీ ఆగిపోయాయి. అమ్మాన్‌లో మాది నాలుగో అంతస్తు, పిల్లలు చదువులకి వేరే దేశం వెళ్ళారు, ఇంట్లో ముంధిర్ ఒక్కడే ఉన్నాడు. పొయ్యి ఆర్పి ఫోన్ చేశాను. "కంగారుపడకు. కిటికీలకి దూరంగానే కూర్చున్నా" అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అది సరేగానీ, వాషింగ్ మెషిన్ తలుపు తెరుచుకోవట్లేదు, ఏం చెయ్యాలి?" అన్నాడు. నీళ్ళు వాటంతటవే ఆరిపోయాయి. అప్పటినుంచి రోజూ రెండు రకాల కబుర్లు వచ్చేవి. పొద్దున నా భద్రత గురించి, సాయంత్రం ఎండు పుదీనా సీసా గురించి.

విమానాలు ఆగిన అయిదోరోజు గర్వంగా ఫోన్ చేశాడు. కైరోలో ఇరుక్కున్న మా దేశస్థుల కోసం ఒక ట్రావెల్స్ అతను బస్సు పెట్టాడట. బస్సులో నువైబా రేవుకి, అక్కడినుంచి ఓడలో అకబాకి. ఆ తర్వాత ఓడ ఎప్పుడో ఎవరూ చెప్పలేరట. "ఇద్దరికీ సీట్లు రాయించేశా. నువ్వు వెళ్ళి కూర్చోవడమే" అన్నాడు.

పొద్దున్నే బస్సు దగ్గర, గుమస్తా జాబితా పట్టుకుని ఒక్కొక్కరి పేరూ పిలిచి, పాస్‌పోర్టు చూసి ఎక్కిస్తున్నాడు. నలభైమంది ఎక్కారు. మిగిలింది మేమిద్దరం, మా వెనక సీటు దొరకని ఒక జంట. గుమస్తా కళ్ళజోడు సవరించుకుని చివరి గీత చదివాడు. "ముంధిర్ గారి ఇంట్లోవాళ్ళు, ఇద్దరు." కాగితం మీంచి తలెత్తి నా వంక చూశాడు. "పేర్లేవి మేడమ్?"

అతనికి కొత్తేమీ కాదు, నాకూ కాదు. పరాయి మగవాళ్ళ ముందు ఇంటి ఆడవాళ్ళ పేరు ఎత్తకపోవడం మా మగవాళ్ళకి మర్యాద. మా పెళ్ళి కార్డు మీద మా నాన్న పేరు ఉంది, ముంధిర్ పేరు ఉంది, నేనున్న చోట "కుమార్తె" అని ఉంది. అతని ఫోన్లో నేను "ఇల్లు". పిలవాల్సొస్తే పెద్దాడి పేరు పెట్టి లైత్ వాళ్ళమ్మా అంటాడు. ఆ లైత్ అయిదో తరగతిలో పెదవి చిట్లి ఇంటికొచ్చాడు, తోటివాడెవడో నా పేరు కనిపెట్టి అరిచాడని. నా పేరు మీద జరిగిన యుద్ధం అదొక్కటే.

"నేనూ పల్లెటూరివాణ్ణే మేడమ్, మా ఇంట్లోనూ ఇంతే" అన్నాడు గుమస్తా. "కానీ ఆ సంగతి ఓడకి తెలీదు కదా."

పాస్‌పోర్టులు చూపించాను. చాలదన్నాడు. రెండ్రోజులుగా ఒకరి సీట్లలో ఒకరు ఎక్కేస్తున్నారట. సీటు రాయించినవాళ్ళే నోటితో పేరు చెప్పాలి. పది నిమిషాల్లో జాబితా రేవుకి పంపాలి. ఆ తర్వాత మా సీట్లు వెనకున్న జంటవి. వాళ్ళు అప్పుడే పెట్టెలు చేతిలోకి తీసుకున్నారు.

"పరాయి మగాళ్ళ ముందు పేర్లేంటి, రోజులు పాడైపోయాయి" అంటున్నారు మా అత్తగారు. గుమస్తా ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

"సార్, ఆవిడ పేరు చెప్పండి."

"లైత్ వాళ్ళమ్మ."

"పాస్‌పోర్టులో అలా లేదు సార్."

ఫోన్లో గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించింది. ఆఫీసులో ఉన్నాడు. ఆ గదిలో అయిదు బల్లలు, అయిదుగురు మగవాళ్ళు. వాట్సాప్‌లో పంపుతానన్నాడు. గుమస్తా కుదరదన్నాడు. "లైత్ వాళ్ళమ్మా, నువ్వే చెప్పెయ్" అని బతిమాలాడు.

నా పేరు నా నాలుక చివర ఉంది. గుమస్తా వినడని తెలిసినా చెప్పెయ్యాలనిపించింది. ఇరవై ఆరేళ్ళుగా అతనికి కష్టమనిపించిన పనులన్నీ నేను అలాగే అందుకుని చేసేశాను. ఈ ఒక్కటీ అందుకోలేదు.

"తనిఖీల దగ్గర నన్ను మాట్లాడొద్దన్నారుగా. మీరే చెప్పండి" అన్నాను.

కుర్చీ జరిగింది. అడుగులు, తలుపు, మెట్లు. చివరికి కారు తలుపు వేసుకున్న చప్పుడు. "రుదైనా" అన్నాడు, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"వినపడలేదు సార్."

"రుదైనా. రుదైనా అబ్దుల్ కరీం."

గుమస్తా రాసుకున్నాడు. బస్సులో ఉన్న నలభైమందీ విన్నారు. నా చెవులు వేడెక్కాయి. సిగ్గనుకున్నాను, కాదు. "రెండోవారు?" అన్నాడు గుమస్తా. పెళ్ళాం పేరుతోనే సగం చచ్చినవాడికి తల్లి పేరెక్కడ వస్తుంది? గుమస్తా గడియారం చూసుకున్నాడు. అప్పుడు మా అత్తగారు ఫోన్ లాక్కున్నారు.

"చెప్పరా. మీ నాన్న నలభయ్యేళ్ళు కాపురం చేసి ఒక్కసారి అనలేదు. నువ్వన్నా అను, ఓడ వెళ్ళిపోతోంది."

"ఫిద్దా" అన్నాడు ముంధిర్, చిన్నపిల్లాడిలా.

ఆవిడ ఫోన్ గుమస్తాకిచ్చి, తలగుడ్డ సర్దుకుని బస్సెక్కారు. సూయెజ్ దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. తర్వాత నా మోచెయ్యి పొడిచారు. "వాడికి ఇంకోసారి ఫోన్ చెయ్యవే. వినపడలేదని చెప్పు."

తెల్లవారుతుండగా అకబాలో దిగాం. రేవు బయట ముంధిర్ పంపిన టాక్సీ నిలబడి ఉంది. ఫోన్లో అతని కబురూ ఉంది. "ఎక్కడా ఆగకుండా వచ్చెయ్యండి. డబ్బాలు అయిపోయాయి." ఎదురుగా సముద్రం నీలంగా, కదలకుండా ఉంది. సముద్రంలో కాళ్ళు పెట్టి ఎన్నాళ్ళయిందని మా అత్తగారిని అడిగాను. ముంధిర్ పుట్టకముందు ఒకసారి చెప్పులు విప్పబోతే అందరూ చూస్తున్నారని మామగారు వద్దన్నారట. నేను టాక్సీ అతని దగ్గరికి వెళ్ళి, ఎల్లుండి రమ్మని చెప్పి పంపేశాను. ముంధిర్‌కి జవాబు రాశాను. "క్షేమంగా చేరాం. రెండ్రోజులు ఇక్కడే ఉంటాం. బియ్యం ఎడమవైపు అలమరలో."

హోటల్ కుర్రాడు రిజిస్టర్ తెరిచి, "ఎవరి తాలూకమ్మా?" అని అడిగాడు. మా అత్తగారు అలవాటు కొద్దీ "ముంధిర్" అని మొదలుపెట్టి, ఆగిపోయారు.

నేను రెండు పాస్‌పోర్టులూ బల్ల మీద పెట్టాను. "ఇందులో ఉన్న రెండు పేర్లూ రాయి బాబూ. రాశాక గట్టిగా చదివి వినిపించు, మా అత్తగారికి కాస్త చెముడు" అన్నాను.

మూడు వీధుల అవతల గ్యాసు అమ్మే లారీ వేసుకొచ్చే పాట వినిపిస్తే చాలు, నన్ను ఖాళీ సిలిండర్ కోసం పరుగెత్తించే మా అత్తగారు, చెవికి చెయ్యి అడ్డంపెట్టుకుని ముందుకి వంగారు.