తలల్లేని తవిలిస్

మార్చి పంతొమ్మిది, సెయింట్ జోసెఫ్ పండుగ. ఆ మధ్యాహ్నం తిన్నది వేయించిన తవిలిస్, వేడన్నం, వెల్లుల్లి దంచి వేసిన కల్లు వెనిగర్. భార్య రెమెడియోస్ చేతి వంటల్లో అన్సెల్మో నాలుక మరిచిపోలేనిది అదే. ఆ ఏటి వానాకాలంలోనే ఆమె పోయింది.

ఆ తర్వాత ఆయన తవిలిస్ ఎన్నిసార్లు వేయించాడో. ఫిలిప్పీన్స్‌లోని తాల్ సరస్సులో తప్ప దొరకని ఆ మంచినీటి కవ్వళ్ళు తలతో సహా కరకరలాడేవి. ఆ రోజు రుచి మాత్రం వచ్చేది కాదు. నూనె మార్చాడు, మూకుడు మార్చాడు. ఇంకొక్కసారి ఆ రుచి తగిలితే ఆమె ఎదురుగా కూర్చున్నట్టే ఉంటుందని ఆయన ఆశ.

ఈ మార్చిలో రేవు గోడ మీది కాగితం దగ్గర ఆగిపోయాడు. చేపలు గుడ్లు పెట్టే కాలం, మార్చి, ఏప్రిల్ నెలల్లో తవిలిస్ వేట నిషేధం. ఏటా చూసే కాగితమే. ఈసారే తట్టింది. మరి ఆ రోజు తిన్నదేమిటి?

వాళ్లింటికి ఎప్పుడూ చేపలు పోసే లుదింగ్ అక్కడే గంప ముందు కూర్చుని ఉంది.

"లుదింగ్, మార్చి నెలలో మా ఆవిడకి తవిలిస్ ఎక్కడివి?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. తర్వాత పడీపడీ నవ్వింది.

"ఇన్నాళ్లకా అనుమానం, మేస్టారూ! పళ్లెంలో చేపలకి తలల్లేవేమని ఆ రోజే అడగొద్దూ?"

"అడిగాను. పిల్లి ఎత్తుకుపోయిందంది."

"అన్ని తలలూనా?"

"నమ్మాను మరి."

"అవి సముద్రపు కవ్వళ్ళు. తల చూస్తే పోల్చేస్తారని నా చేతే కోయించింది. సముద్రపు చేపంటే మూతి ముడుస్తారుగా, సరస్సోళ్ల బడాయి! జ్వరం తగ్గి లేచినప్పట్నించీ తవిలిస్ తవిలిస్ అని ఒకటే గోలంట మీరు. 'అక్కా, ఆయనకి చెప్పావంటే చూడు' అని ఒట్టేయించుకుంది."

అన్సెల్మో గంపలోకి చూస్తూ నిలబడ్డాడు. అలిగాడేమోనని ఆమె కంగారుపడింది.

"అవి ఉన్నాయా ఇవాళ?"

"ఉన్నాయి. తలలు తీసెయ్యనా?"

"తీసెయ్. పారెయ్యకు, విడిగా పొట్లం కట్టు."

సాయంత్రం మొదటి ముక్క నోట్లో పెట్టుకుని నమలడం ఆపాడు. ఆ కొవ్వు, ఆ ఉప్పన. అదే. ఎదుటి కుర్చీకేసి చూసి, "దొంగా!" అని నవ్వాడు.

నింద మోసిన పిల్లి గుమ్మంలోనే ఉంది, ముసలిదైపోయింది. పొట్లం విప్పి తలలన్నీ దాని ముందు పెట్టాడు. అది తిని మూతి తుడుచుకునేదాకా పక్కనే కూర్చున్నాడు. చీకటి పడ్డాక దాన్ని లోపలికి పిలిచి, చప్పుడు కాకుండా తలుపు వేశాడు.