ముఖాన చెక్కిన పేరు

నేను ఒక టేకు అచ్చును. పెదనలో అద్దకం పనివాళ్ళు రంగు అంటించి గుడ్డ మీద వేసే చెక్క ముక్కను. నా ముఖాన 'పతితపావన' అని తిరగేసి చెక్కి ఉంటుంది.

నన్ను చేయించింది ఒక భజన గురువుగారు. చెక్కే ఆయన పక్కన కూర్చుని ఆ పేరుకు అర్థం చెప్పారు. "పడిపోయినవాణ్ణి చూసి ముక్కు మూసుకునేవాడు కాదయ్యా ఆ స్వామి. మనం కడుక్కుని వెళ్ళక్కర్లేదు. ఆయనే వచ్చి కడుగుతాడు."

చెక్కే ఆయన ఉలి ఆపలేదు. "అట్టాగేనండి. ముందు ఆ 'పా'కి దీర్ఘం ఎంత పొడుగుండాలో చెప్పండి" అన్నాడు. చెప్పిందంతా చివరికి విన్నది చెక్కనైన నేనే.

తర్వాత అద్దకం పనిచేసే పానకాలు చేతికి వచ్చాను. పొద్దున్నే స్నానం చేసి, నన్ను కళ్ళకద్దుకుని, వెంటనే గుడ్డ మీద పెట్టి, అచ్చు పడేలా పిడికిలితో నా వీపు మీద ఒక్క గుద్దు గుద్దేవాడు. దణ్ణమూ దెబ్బా ఒకే చేత్తో పెట్టడం మనుషులకే చేతనవును. అలా అద్దిన శాలువాలను ఉడకబెట్టారు, కాలువ బండ మీద బాదారు. స్వామి పేరు నొచ్చుకున్నట్టు నేనెప్పుడూ వినలేదు.

ఇప్పుడు పానకాలుకు పక్షవాతం. మంచం దిగలేడు, అన్నీ మంచం మీదే. తుఫాను ముసురు పట్టింది. ఉన్న దుప్పట్లు తడిసి, ఆరక, దండెం మీద వేలాడుతున్నాయి. అమ్ముడుపోని పేరు శాలువాలు మాత్రం పొడిగా ఉన్నాయి. వణుకుతున్న మనిషిని చూడలేక భార్య నాంచారమ్మ ఒకటి తెచ్చింది.

"తియ్యవే. నా కంపు నాకే పడట్లేదు. నా మీద ఆయన పేరా?"

"పళ్ళు టకటకలాడతన్నయ్యి. మాట్టాడకు."

"మైలవుద్దే, పిచ్చిదానా. కాస్త బాగయ్యాక తానం చేసి కప్పుకుంటాలే."

"బాగయ్యాక నీకు శాలువా ఎందుకయ్యా, ఎండలో కూకుంటావు."

అరలోంచి వింటున్న నాకు ఒళ్ళు మండిపోయింది. జీవితమంతా వేశావే పానకాలూ, ఒక్కసారైనా ఆగి చదివావా? నువ్వు ఏ కారణం చెప్పి వద్దంటున్నావో ఆ కారణానికే కదా ఆ పేరు పుట్టింది. శుభ్రంగా ఉన్నవాడికి దానితో పనేముంది? అరుద్దామంటే నాకు ముఖమంతా అక్షరాలే, నోరు లేదు.

"పాపమొస్తే నాకు రానీ" అని నాంచారమ్మ మెడ నుంచి పాదాల దాకా కప్పేసింది.

విసిరేస్తాడనుకున్నాను. బాగున్న చేత్తో అంచు పట్టుకున్నాడు. అక్షరాల మీద వేళ్ళతో తడిమాడు. వణుకు తగ్గింది. హమ్మయ్య, ఇన్నాళ్ళకు తెలిసింది అనుకున్నాను.

"కాళ్ళ మీంచి పైకి లాగవే" అన్నాడు. "పేరుకి కాళ్ళు తగలగూడదు."

ఇక చెప్పీ చెప్పీ విసిగినదానిలా ఆమె మోకాళ్ళ పైకి లాగింది. రెండు పాదాలూ ముసురుగాలిలో మిగిలాయి. నాంచారమ్మ మంచం చివర కూర్చుని, వాటిని ఒళ్ళో పెట్టుకుని తన కొంగు కప్పింది.

ఆ చీర మీద ఏ పేరూ లేదు.