పైకొచ్చాక తోడెవరు

పులివెందుల మిషన్ హాస్టల్లో పిల్లలకు సాయంత్రం బొరుగుల ఉగ్గాని కలుపుతుంటే ఎలిజబెత్ ఫోను మోగింది. తెలియని నంబరు. లోను ఇస్తామని పీడించేవాళ్లేమోనని కట్ చేసింది. మళ్లీ మోగింది. చేతికంటిన పసుపు పైటకు తుడుచుకుని ఎత్తింది.

"పాలయ్య భార్యేనా అమ్మా? నా పేరు రాఘవేంద్రప్రసాద్. జమ్మలమడుగు దగ్గర డ్యాం గేట్ల రిపేరు చేయిస్తున్నాను. పాలయ్య మా డైవరు, నీళ్లలోకి దిగి పనిచేస్తాడు. ఎలా ఉన్నాడమ్మా?"

ఎలా ఉన్నాడట! ఆ మనిషి మొహం చూసి నాలుగేళ్లయింది. నల్లబడ్డాడో, జుట్టు నెరిసిందో కూడా ఆమెకు తెలియదు.

"బాగుండాడు సార్," అంది ఎలిజబెత్.

"పక్కనే ఉన్నాడా?"

"ఈడనే పండుకోనుండాడు సార్."

"హమ్మయ్య. వాడికి చేస్తే ఎత్తట్లేదు, అందుకే మీకు చేశాను. చూడమ్మా, పొద్దున శానా లోతులో పనిచేశాడు, మీ భాషలో చెప్పాలంటే." ఆయన నవ్వాడు. కోస్తా మనిషి. "లోతులో పీల్చిన గాలి రక్తంలో ఇంకిపోతుంది. గబుక్కున పైకొస్తే గోలీసోడా కొట్టినట్టు ఒళ్లంతా బుడగలు లేస్తాయి. అందుకే తాడు పట్టుకుని ఆగి ఆగి రమ్మంటాం. వాడు సరిగ్గానే వచ్చాడు, నేను దగ్గరుండి చూశాను. కానీ అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి సాయంత్రానికి బయటపడుతుంది. కాళ్లు తిమ్మిరెక్కినా, మొద్దుబారినా, ఒంటికి పోయడం ఆగినా వెంటనే నాకు ఫోన్ కొట్టండి. క్యాంపులో ఆక్సిజన్ ఉంది. అది పెట్టి చెన్నై తీసుకెళ్లాలి. ఆలస్యమైతే కాళ్లు పడిపోతాయి. వేడినీళ్లు పోయొద్దు, ఒళ్లు పట్టొద్దు, మందు అసలే వద్దు. సరేనా?"

"సరే సార్."

"పైకొచ్చాక ఆ పూటంతా ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. తోడెవరో చెప్పనివాణ్ణి నేను నీళ్లలోకి దించనమ్మా. వీడు మీ పేరూ నంబరూ ఇచ్చాడు. ఇంకో మాట. తాడు పట్టుకుని ఊరికే వేలాడుతుంటే తోచదు కదా, ఏం చేస్తావురా అనడిగితే, మా ఎలిజబెత్‌తో మాట్లాడుకుంటా సార్ అన్నాడు. అదృష్టవంతులమ్మా మీరు."

ఫోను పెట్టేశాడు. అదృష్టవంతురాలు ఉగ్గాని గిన్నె ముందు అలాగే నిలబడిపోయింది.

ఎందుకు అబద్ధమాడిందీ అంటే ఏం చెప్పాలి! నాలుగేళ్లుగా ఆడుతున్నదే కదా. బావుల్లో పడిన మోటార్లు తీసే పాలయ్య గాలి సిలిండరు కట్టుకోవడం నేర్చుకుని డ్యాముల వెంట పడ్డాడు. ఒకచోట పని అయితే ఇంకోచోట. నెలల తరబడి ఇంటి మొహం చూసేవాడు కాదు. "నీళ్లు కావాల్నో నేను కావాల్నో తేల్చుకో" అంది ఒకరోజు. అతను బ్యాగు తీసుకుని వెళ్లాడు. పిలుస్తుందని అతను, వస్తాడని ఆమె. ఇద్దరూ ఇద్దరే, మొండి ఘటాలు! ఆమె పులివెందుల వచ్చి హాస్టల్లో వంటకు కుదిరింది. చర్చిలో ఎవరడిగినా "మా ఆయన క్యాంపులో ఉండాడు, రోజూ ఫోన్ చేస్తాడు" అనేది. మొగుడు వదిలేసినాడంట అనిపించుకోవడం కన్నా చావు మేలనుకుంది. ఆ అలవాటే ఈ రోజూ నోట్లోంచి ఊడిపడింది.

పాలయ్యకు ఫోన్ చేసింది. సార్‌కు ఎత్తనివాడు రెండు రింగులకే ఎత్తాడు.

"ఎలిజబెతా?" అన్నాడు. నంబరు తీసేయలేదన్నమాట.

"యాడుండావు?"

"రూములో. జమ్మలమడుగులో."

"ఎవరుండారు నీతో?"

"ఉండార్లే," అని నసిగాడు.

"మీ సార్ ఫోన్ చేసినాడు. నేను నీ పక్కనే ఉండానంట గదా! కాళ్లెట్లుండాయి?"

"ఎడమ కాలు రవ్వంత తిమ్మిరి. బోల్టులు తిప్పి తిప్పి నరం పట్టినట్లుంది, పండుకుంటే పోతాది. సార్‌కు చెప్పొద్దు. ఒంటరోన్నని తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. నాకు ఈ పని తప్ప ఏముంది చెప్పు?"

"చెప్పనులే. నేనే వస్తాండా," అంది.

అక్కడే చేసింది తప్పు. ఆ క్షణమే సార్‌కు చెప్పేసి ఉండాల్సింది. కానీ ఆమె లెక్క ఆమెది. తాను వెళ్లి పక్కన కూర్చుంటే అతని మాటా నిజమవుతుంది, తన మాటా నిజమవుతుంది, ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. ఉగ్గాని వడ్డించమని వార్డెన్‌కు చెప్పి బస్టాండుకు పరుగెత్తింది.

ముద్దనూరు బస్సులో పక్క సీటు హేమలతక్కది. చర్చి ఆడవాళ్ల సంఘానికి పెద్ద. "యాడికమ్మా ఉన్నట్టుండి?" అంది.

"మా ఆయన దగ్గరికి అక్కా. సెలవు దొరికింది."

"మంచిదే. రోజూ ఫోన్ చేసే మొగుడు ఎంతమందికి దొరుకుతాడు!"

ఎలిజబెత్ కిటికీ వైపు తిరిగింది. బస్సు ప్రతి ఊళ్లోనూ ఆగుతోంది. మనుషులు ఎక్కుతారు, మూటలు ఎక్కుతాయి, కండక్టరు చిల్లర కోసం గొడవపడతాడు. ఆమె ప్రాణం ఆమె దగ్గర లేదు. మళ్లీ ఫోన్ చేసింది.

"ఇప్పుడెట్లుంది?"

"మోకాలి దాకా తెలీడంల్యా," అన్నాడు. గొంతు మారిపోయింది. "లేద్దామంటే కాలు మడిచిపోతాంది. వస్తాండావు గదా?"

"వస్తాండా. ఒంటికి పోసినావా?"

"రావడంల్యా."

కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపిస్తున్నాయి. ముద్దనూరు ఇంకా రాలేదు. అక్కడి నుంచి జమ్మలమడుగుకు ఇంకో బస్సు. ఈ లోపల ఆ కాలు ఏమైపోతుందో! పరువు పట్టుకుని బస్సులో కూర్చుంది తను. థూ, ఏం బతుకు!

సార్ నంబరు నొక్కింది. బస్సు మోతలో మెల్లగా మాట్లాడితే వినపడదు. అరిచి చెప్పింది.

"సార్, నేను ఎలిజబెత్. అబద్ధం చెప్పినాను సార్. ఆయప్ప నా దగ్గర ల్యాడు. నాలుగేండ్ల నుంచీ ల్యాడు. మేము కలిసి ఉండంల్యా. ఆయప్ప రూములో ఒక్కడే ఉండాడు, ఎడమ కాలు మొద్దుబారింది, ఒంటికి రావడంల్యా. బిరీన పోండి సార్, మీకు దండం పెడతా!"

అవతల ఆయన ఎవరినో ఆక్సిజన్ తీసుకుని జీపెక్కమని కేకలు వేయడం వినిపించింది. ఫోను కట్టయింది.

బస్సంతా ఆమెనే చూస్తోంది. కండక్టరు కూడా టిక్కెట్లు ఆపేశాడు.

"ఏంది ఎలిజబెత్," అంది హేమలతక్క, "రోజూ ఫోన్ చేస్తాడంటివే?"

"ల్యా అక్కా. ఎప్పుడూ చెయ్యలా. నేనూ చెయ్యలా." ఏడుపు తన్నుకొచ్చింది. నలుగురిలో ఏడవడం ఆమెకు అదే మొదలు. హేమలతక్క నీళ్ల సీసా మూత తీసి ఇచ్చింది.

ఆమె జమ్మలమడుగులో దిగి ఆటోలో చేరేసరికి సందు మొదట్లో ఆంబులెన్సు తలుపులు తీసి ఉన్నాయి. పాలయ్యను అప్పుడే లోపలికి ఎక్కించారు. మొహానికి ఆక్సిజన్ మాస్కు, పైన తెల్లదుప్పటి. జుట్టు నెరిసింది. కళ్లు మూసుకుని ఉన్నాడు.

రాఘవేంద్రప్రసాద్ ఆమెను ఎగాదిగా చూశాడు. కోపంగా ఉన్నాడు, ఉండడా మరి! "ఆ మొదటి ఫోన్లోనే చెప్పి ఉంటే," అని మొదలుపెట్టి ఆపేశాడు. "ఎక్కమ్మా. చెన్నైలో ఆ బుడగల్ని కరిగించే ప్రెషర్ చాంబర్ సిద్ధం చేస్తున్నారు. నయమైనవాళ్లు ఉన్నారు, కానివాళ్లూ ఉన్నారు. మాట ఇవ్వలేను. మాస్కు మాత్రం తియ్యనివ్వకు."

ఆమె ఎక్కింది. తలవైపు నర్సు ఉంది, కాళ్ల దగ్గరే చోటు. బండి కదలగానే పాలయ్య కళ్లు తెరిచి, వద్దంటున్నా వినకుండా మాస్కు పక్కకు జరిపాడు.

"సార్ అంతా చెప్పినాడు. నాతో ఉండానని ఎందుకు చెప్పినావు, ఎలిజబెత్?"

"నువ్వు చెప్పినాక, ల్యానని నేనెట్ల చెప్పేది?"

అతని కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. నర్సు మాస్కు మళ్లీ సరిచేసింది. ఎలిజబెత్ దుప్పటి కింద చెయ్యి పెట్టి అతని ఎడమ పాదం ఒళ్లోకి తీసుకుంది. చల్లగా ఉంది. రుద్దకూడదని సార్ చెప్పాడు కాబట్టి రెండు చేతులా ఊరికే పట్టుకుంది. నాలుగేళ్ల కోపం, నాలుగేళ్ల ఒంటరితనం, ఇక ఏదీ దాచుకునే పని లేదు. ఎంతసేపు పట్టుకుందో ఆమెకే తెలియదు. ప్రొద్దుటూరు దాటారు.

మాస్కు లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఎలిజబెత్, యాడుండావు? ఎక్కినావా, దిగిపోయినావా?"

ఆమె ఒళ్లో ఉన్న పాదం వైపు చూసింది. అది అతనికి తెలియడం లేదు. "ఈడనే ఉండా" అంది. పాదాన్ని నెమ్మదిగా పక్కన దించి, నర్సును జరగమని అడిగి, తలవైపుకు వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.