మంచులో వియత్నాం పల్లె

ఆ పల్లెలో ఎవరూ కాపురం ఉండరు. సియోల్‌కి తూర్పున గాంగ్వాన్ కొండల్లో, మా శిక్షణ శిబిరం అవతల, బస్సురోడ్డు పక్కనున్న వాలు మీద సైన్యమే దాన్ని కట్టించింది. కొన్ని గడ్డి గుడిసెలు, నీళ్ళు లేని బావి, వెదురు కంచె. వియత్నాంలో పల్లెలు ఇలాగే ఉంటాయన్నారు. అక్కడ అరటిచెట్లు ఉండే చోట ఇక్కడ మోకాలి లోతు మంచు.

అది డెబ్బయ్యో సంవత్సరం చలికాలం. మొదట వెళ్ళిన దళాలకు ఊరూరా బ్యాండుమేళాలతో వీడ్కోలు చెప్పారు. మా వంతు వచ్చేసరికి ఎవరికీ ఆ హుషారు మిగల్లేదు. అమెరికావాళ్ళే ఇంటిదారి పడుతున్న యుద్ధానికి మమ్మల్ని ఎందుకు పంపుతున్నారో చెప్పేవాడు లేడు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. సియోల్‌లో పలుకుబడి గల మేనమామలున్న కుర్రాళ్ళు మెల్లగా కనిపించకుండా పోయారు. నాకుగానీ, నా పక్క మంచం జోంగ్‌దాల్‌కిగానీ అలాంటి మేనమామ లేడు.

జోంగ్‌దాల్‌ది దక్షిణాన ఒక కొండపల్లె. తను పాలుతాగే వయసులోనే తండ్రి విషజ్వరంతో పోయాడని చెప్పేవాడు. అన్న బొగ్గుగనిలో పని. తల్లి రాళ్ళచేలో బంగాళాదుంపలు పండించి ఇద్దరినీ పెంచింది. వాడికి నోరు ఊరుకునేది కాదు.

"అక్కడి ఎండకి మనిషి కరిగిపోతాడట్రా పిల్‌జే," అన్నాడొక ఉదయం నాతో, చేతులు చంకల్లో పెట్టుకుని గెంతుతూ. "అందుకే మనల్ని ఇక్కడ ముందు గడ్డకట్టిస్తున్నారు. నిదానంగా కరుగుతాం."

మాకు నేర్పేది సార్జెంట్ తాక్. వియత్నాం వెళ్ళొచ్చినవాడు. ఒక చెవి వినపడదు. మాలో సగంమంది నల్ల పైజమాలూ ఆకు టోపీలూ వేసుకుని పల్లెజనం కావాలి, మిగతావాళ్ళు సైనికులు. తలుపు తన్నడం, లోపలివాళ్ళని జుట్టు పట్టి లాగడం, బావి పక్కన తలమీద చేతులు పెట్టించి కూర్చోబెట్టడం, గుడిసె ముందు గడ్డిమోపు అంటించడం. ఇదే పాఠం.

"ముసలిదైనా సరే, చంటిదాని తల్లయినా సరే," అనేవాడు తాక్. "ముందు కూర్చోబెట్టండ్రా, జాలి తర్వాత పడుదురుగాని. నా పక్కవాడు ముందే జాలిపడ్డాడు. వాణ్ణి దుప్పట్లో మూటగట్టి తెచ్చాను."

మొదట్లో నవ్వొచ్చేది. ఆడగొంతులతో ఏడ్చేవాళ్ళం. పోనుపోను ఎవరూ నవ్వడం లేదు. తన్నేవాళ్ళు నిజంగానే తన్నుతున్నారు. ఒకడి పన్ను ఊడితే, ఊడగొట్టినవాడు పక్కకి తిరిగి కూడా చూడలేదు.

శిక్షణ చివర్లో ఒక గుడిసెను పూర్తిగా తగలబెట్టాలి. ఆ పని జోంగ్‌దాల్‌కి అప్పజెప్పారు. చురుకైనవాడని తాక్‌కి వాడంటే ఇష్టం.

ఆరోజు పొద్దున గాలి లేదు. మేము అరుచుకుంటూ వాలు ఎక్కాం, తలుపులు విరిచాం, పల్లెజనాన్ని ఈడ్చి బావి దగ్గర కుదేశాం. జోంగ్‌దాల్ కాగడా చూరుకి ఆనించాడు. ఎండుగడ్డి భగ్గుమంది. పొగ రోడ్డు వైపు పాకింది.

పొగ పలచబడ్డాక చూస్తే బావి దగ్గర ఒక మనిషి ఎక్కువ ఉంది.

బూడిదరంగు పావడా, తలకి తువ్వాలు. ఒళ్ళో మూట. మంచులో గొంతుక్కూర్చుని, రెండు చేతులూ తలమీద పెట్టుకుని, నేలకేసి చూస్తోంది. ఆమెను ఎవరూ అక్కడ కూర్చోమనలేదు.

"ఎవరే ముసలమ్మా నువ్వు?" అన్నాడు తాక్. "ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

"ఇళ్ళల్లోంచి వచ్చినవాళ్ళని కూర్చోమన్నారు గదయ్యా," అంది తల ఎత్తకుండా.

జోంగ్‌దాల్ చేతిలో కాగడా ఇంకా మండుతూనే ఉంది. "అమ్మా," అన్నాడు.

ఆమె వాడి వైపు చూసింది. గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

కొడుకుని చూడ్డానికి ఎవరికీ చెప్పకుండా రెండు బస్సులు మారి వచ్చింది. దిగగానే అరుపులు వినిపించాయి, పొగ కనిపించింది. కాళ్ళు వాటంతటవే ఇటు నడిపించాయంది. తాక్ ఆమెను చేయిపట్టి లేపి, శిబిరం వంటపాక వెనక పొయ్యి దగ్గర కూర్చోబెట్టమన్నాడు. నేనూ జోంగ్‌దాల్ తీసుకెళ్ళాం. మూటలో ఉడకబెట్టిన కోడి, బియ్యప్పిండి ముద్దలు. మాకిద్దరికీ తుంచి పెట్టింది. నేను లేవబోతే, "కూర్చో నాయనా, నువ్వు వీడి తోడువేగా," అని ఆపింది.

"మీ నాన్న జ్వరంతో పోలేదురా," అంది వాడితో. "మన దేశంలోనే యుద్ధం జరిగిన చలికాలంలో మనవాళ్ళే వచ్చారు, మన సైనికులే. కొండల్లోని ఎర్రవాళ్ళకి, కమ్యూనిస్టులకి, తిండి పెడుతున్నారని ఊరంతా తగలబెట్టారు. ఇలాగే కూర్చోబెట్టారు. నువ్వు నా వీపున ఉన్నావు. ఆడవాళ్ళని వదిలేశారు. మగవాళ్ళని లోయలోకి తీసుకెళ్ళారు."

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"చెబితే ఎర్రవాడి కొడుకంటారు. బడిలో ఉండనిచ్చేవారా? మీ అన్నని గనిలో ఉండనిస్తారా? ఇప్పుడైనా నోరు మెదపమాకు."

"నేను వెళ్ళనని చెబుతా."

"ఎందుకని అడిగితే?"

తింటున్న ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆమె వాడి కోటు మీది మసి తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

మర్నాడు వాడు తాక్ దగ్గరికి వెళ్ళాడు. కడుపులో నొప్పన్నాడు. డాక్టరు నొక్కి చూసి ఏమీ లేదన్నాడు. ఇంకోసారి అబద్ధమాడితే జైలుకి పంపుతానన్నాడు తాక్, తర్వాత గొంతు తగ్గించి, "అందరికీ భయమేరా, నాకూ ఉండేది," అని ఒక సిగరెట్టు ఇచ్చాడు. ఆ మంచితనమే వాణ్ణి ఎక్కువ కుంగదీసింది. ఆ తర్వాత వాడు జోకులు వెయ్యలేదు.

బూసాన్‌లో ఓడ ఎక్కాం. బడిపిల్లల్ని తోలుకొచ్చి జెండాలు ఊపించారు. పిల్లలకి చలేస్తోంది, ఎప్పుడు పంపేస్తారా అని టీచర్ల వైపు చూస్తున్నారు.

వియత్నాంలో మేం మొదట సోదా చేసిన పల్లెలో అరటిచెట్లు నిజంగానే ఉన్నాయి. నేర్పినట్టే చేశాం. చూరు అంటించమని లెఫ్టినెంట్ చెబితే జోంగ్‌దాల్ అంటించాడు. ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తర్వాత ఒక మడిగట్టు మీద కూర్చుని చేతుల మసి మడినీళ్ళలో కడుక్కున్నాడు. "చూశావా," అన్నాడు నాతో, "నాకు బాగానే వచ్చేసింది."

వానలు మొదలైన రోజుల్లో మందుపాతర మీద కాలేశాడు. తెల్లగుడ్డ చుట్టిన పెట్టెలో బూడిద ఇంటికి వెళ్ళింది.

సైన్యం వదిలాక నేను వాళ్ళ పల్లెకి వెళ్ళాను. తాలూకా అధికారి వచ్చి పతకం ఇచ్చాడట, మీ ఇల్లు దేశభక్తుల ఇల్లన్నాడట. ఆమె నడుము వంచి వంచి దణ్ణాలు పెట్టిందని పక్కింటావిడ మెచ్చుకుంటూ చెప్పింది.

ఆమె నాకు అన్నం పెట్టింది. పెద్దకొడుకు దగ్గులో నల్లటి కళ్ళె పడుతోందని చెప్పింది. దుంపలకి ఈ ఏడు పురుగు పట్టిందంది. కొడుకు అక్కడ ఏం చేశాడని ఒక్క మాట అడగలేదు. అడిగితే ఏ ఇల్లూ అంటించలేదనే చెబుదామని వచ్చాను. ఆమె నా చేతుల వైపు చూసి, చూపు తిప్పుకుని, ఇంకాస్త అన్నం వడ్డించింది.

"తిను నాయనా," అంది. "చీకటి పడితే బస్సు ఉండదు."