దాదా పంపిన ఆల్బమ్ ప్రోగ్రాం

ధోండిరామ్ సలోఖే మా కొల్హాపూర్ ఫొటోగ్రాఫర్ల సంఘానికి అధ్యక్షుడు, అందరికీ దాదా. వాట్సాప్ గ్రూపులో ఆయన ఏం పెట్టినా దండాల బొమ్మలు వరసగా పడతాయి. ఆ రోజు పొద్దున పెళ్ళి ఆల్బమ్‌లు కూర్చే ప్రోగ్రాం ఒకటి పెట్టి, "కొత్తది, ఫ్రీ. ఎక్కించే ముందు యాంటీవైరస్ ఆపెయ్యండి, ఊరికే అరుస్తుంది" అని కింద రాశాడు.

దొంగ కాపీలు వాడీ వాడీ మావాళ్ళకు యాంటీవైరస్ అరిస్తేనే అసలు సరుకు అనే నమ్మకం కుదిరింది. వాళ్ళ కంప్యూటర్లు బాగుచేసుకుని బతుకుతూ ఆ గ్రూపులో ఉన్న నాకు ఆ మాట వింటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంటుంది.

కాసేపటికి వైజయంత ఫోన్ చేసింది. రంకాళా చెరువు దగ్గర ఒంటిగది స్టూడియో ఆమెది. నాకంటే పెద్దది, తాయీ అంటాను, అంటే అక్క.

"మకరంద్, దాదా పెట్టింది ఎక్కించుకోనా? చౌగులే వాళ్ళ పెళ్ళి ఫొటోలన్నీ ఈ కంప్యూటర్లోనే ఉన్నాయి, భయంగా ఉంది."

"కెమెరా కార్డుల్లో లేవా తాయీ?"

"నిన్న హల్దీ ఫంక్షన్‌కి చెరిపేసి వాడేశాను."

మా ఊళ్ళో అందరూ చేసే పనే. కానీ ఆ పెళ్ళిలో పెళ్ళికూతురి తండ్రి మంచం మీదే కూర్చుని అక్షింతలు వేశాడు, వారం తిరక్కుండా పోయాడు. ఆయన చివరి ఫొటోలు అవే.

"ముట్టుకోకు. చూసి చెప్తా," అన్నాను.

చూడడానికి పెద్ద విద్యలేం అక్కర్లేదు. తయారుచేసిన కంపెనీ సంతకం ఫైలులో ఉండాలి, లేదు. అసలు ఫైలుకి వేలిముద్రలాంటి పొడుగాటి సంఖ్య ఒకటి కంపెనీ తన సైటులో పెడుతుంది, దానితో ఇది కలవలేదు. రకరకాల యాంటీవైరస్‌లు ఒకేచోట పరీక్షించే సైటుకి ఎక్కిస్తే పేజీ అంతా ఎర్రబడింది. చివరికి ఇంటర్నెట్ తీసేసిన ఒక పాత డబ్బా కంప్యూటర్లో నడిపి చూశాను. నేను చూస్తుండగానే లోపలి ఫొటోలకు తాళాలు పడ్డాయి, పేర్లు మారిపోయాయి.

వైజయంతకు చేస్తే ఫోన్ ఎత్తలేదు. గ్రూపులో చూస్తుందిలే అని, "ఇది ఎవరూ ఎక్కించకండి, ఫొటోలు పోతాయి" అని రాశాను. టీ తాగేలోపు నా మెసేజ్ మాయమైంది. దాదా నన్ను కూడా గ్రూపులోంచి తీసేశాడు.

ఒళ్ళు మండిపోయి నేరుగా ఆయన స్టూడియోకి వెళ్ళాను. దాదా కంప్యూటర్ ముందు నీరుగారిపోయి కూర్చున్నాడు. తెర మీద డబ్బులడిగే నోటీసు. వెనక ఫోల్డర్ల పేర్లన్నీ పిచ్చి అక్షరాలు.

"నీ మెసేజ్ తప్పని చూపిద్దామని నేనే నడిపాను," అన్నాడు.

"అయితే వెంటనే గ్రూపులో చెప్పండి దాదా."

"అంటే నేనొక్కణ్ణే వెధవనైనట్టా?"

"మిగతావాళ్ళవైనా దక్కుతాయి."

ఆయన ఫోన్ తీసుకున్నాడు. పోనీలే, ఈ మాత్రం సిగ్గుందని కొంచెం మెత్తబడ్డాను. భుజం మీదుగా చూస్తే "నా దగ్గర బ్రహ్మాండంగా నడుస్తోంది" అని రాసి పంపేశాడు.

"ఏం చేశారది?"

"నా ఒక్కడిదే పోతే రేపు సంఘంలో నవ్వుతారు. అందరివీ పోతే అది వేరే సంగతి. నీకు తెలీదులే, ఊరుకో."

ఇలాంటి మనిషికి ఇన్నాళ్ళూ దండాలు పెట్టాం. గుమ్మంలోకి పరిగెత్తి వైజయంతకు మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తింది.

"తాయీ, ఎక్కించలేదు కదా?"

"ఇప్పుడే ఎక్కించాను. నీ మెసేజ్ చూశాను గానీ, దాదా తీసేశాడంటే నువ్వే పొరబడ్డావేమో అనుకున్నా. బాగా నడుస్తోందని మళ్ళీ ఆయనే రాశాడు. మకరంద్, ఫొటోల పేర్లేవో మారిపోతున్నాయి. అది మామూలేనా?"

"ప్లగ్గు పీకెయ్. ముందు ప్లగ్గు పీకెయ్."

పీకిన చప్పుడు వినబడింది.

"చౌగులే గారివి వెంటనే దొరకాలని తెర మీద పైనే పెట్టుకున్నాను," అంది. "ముందు అవే పోయాయి."

నా వెనక దాదా వచ్చి నిలబడి ఉన్నాడు.

"ఎవరు, వైజయంతా? ఆమెవీ పోయాయా?" అని అడిగాడు. ఆ గొంతులో ఊరట నాకు స్పష్టంగా వినబడింది.